పదో తరగతి సైన్స్ రివిజన్ మెటీరియల్ ఉచితంగా పంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నారు. శని, ఆదివారాల్లో కూర్చుని మీ ఊరి హైస్కూలు పిల్లల కోసం పదో తరగతి సైన్స్ రివిజన్ నోట్స్ తయారుచేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడదామనుకుంటున్నారు. వెబ్‌సైటా, యూట్యూబా, టెలిగ్రామా? పాఠ్యపుస్తకంలో బొమ్మలు వాడుకోవచ్చా? అసలు పెడితే ఎవరైనా చదువుతారా?

చివరి ప్రశ్నకు ముందు చెప్తాను. నోట్స్ పెడితే డౌన్‌లోడ్ చేసుకుంటారు, చదవరు. పాఠానికి ఒక కాగితం ప్రశ్నలు, ఇంకో కాగితం జవాబులు. ఈ రెండే చేయండి. ఏ4 సైజులో, నలుపు తెలుపులో, ఊళ్లో జెరాక్స్ షాపులో తీసినా అక్షరం చెదరకుండా ఉండాలి. ఫైల్ డ్రైవ్‌లో పెట్టి లింకు మాత్రం వాట్సాప్‌లో పంపండి. వెబ్‌సైట్ గురించి ఆరు నెలల తర్వాత ఆలోచించవచ్చు. యూట్యూబ్ ఇప్పుడప్పుడే వద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఇవన్నీ తప్పు చేసి నేర్చుకున్నవే. నేను ప్రకాశం జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, పందొమ్మిదేళ్ల సర్వీసు. 2016లో మొదటిసారి మెటీరియల్ తయారుచేశాను. వేసవి సెలవులు మొత్తం కూర్చుని 112 పేజీల పీడీఎఫ్ చేశాను. ప్రతి పాఠానికీ సారాంశం, నిర్వచనాలు, సూత్రాలు, నాలుగు మార్కుల ప్రశ్నలు, బిట్లు, అన్నీ. తోటి మాస్టర్లు బ్రహ్మాండంగా ఉందన్నారు. పది గ్రూపులు దాటి వేరే జిల్లాలకు వెళ్లింది. జనవరిలో మా క్లాసులో అడిగాను, ఎంతమంది చదివారని. చేతులన్నీ లేచాయి. ఆరో పాఠంలో ఏం రాశానో చెప్పమంటే ఒక్కడూ నోరు విప్పలేదు. ఒక పిల్ల మాత్రం నిజం చెప్పింది: "సార్, నాన్న ఫోన్లో ఉంది. నాన్న పొలం నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది."

చేంతాడంత పీడీఎఫ్‌తో ఇదే సమస్య. ఫోన్ పిల్లల చేతిలో ఉండేది రోజుకు అరగంట. ఆ అరగంటలో 112 పేజీల్లో కావాల్సింది వెతుక్కోవాలి. పైగా నోట్స్ చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. మూసి రాయమంటే రాదు. దీనిమీద 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం బాగా పేరున్నది. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చదవడం తగ్గించి గుర్తుచేసుకుంటూ రాసినవాళ్లే ముందున్నారు. మన స్లిప్ టెస్టులు చేసే పని కూడా అదే, కాకపోతే మనం వాటిని మార్కుల కోసం పెడతాం.

జవాబుల కాగితమే అసలు పని

అందరూ ప్రశ్నల మీద కష్టపడి జవాబుల దగ్గర చేతులెత్తేస్తారు. "1-బి, 2-సి, 3-ఎ" అని రాసి వదిలేస్తారు. పక్కన టీచర్ లేని పిల్లకి దానివల్ల తెలిసేది తన జవాబు తప్పని మాత్రమే. ఎక్కడ తప్పిందో తెలియదు.

నా దర్పణాల కాగితంలో ఒక లెక్క చెప్తాను. పుటాకార దర్పణం, నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 20 సెం.మీ. వస్తువును 30 సెం.మీ. దూరంలో పెట్టాం. ప్రతిబింబం ఎక్కడ? సంజ్ఞా సంప్రదాయం (దూరాలకు ప్లస్, మైనస్ గుర్తులు పెట్టే పద్ధతి) ప్రకారం నాభ్యంతరానికీ వస్తుదూరానికీ రెండింటికీ మైనస్ పెట్టి చేస్తే ప్రతిబింబ దూరం మైనస్ 60 వస్తుంది. అంటే దర్పణం ముందు 60 సెం.మీ. దగ్గర, నిజ ప్రతిబింబం, తలకిందులుగా, రెండింతలు పెద్దది. మామూలు కీలో ఇంతే ఉంటుంది.

నా జవాబుల కాగితంలో దాని కింద ఇంకో మూడు వాక్యాలు ఉంటాయి. మీకు 12 వచ్చిందా? నాభ్యంతరం ముందు మైనస్ వదిలేశారు. మైనస్ 12 వచ్చిందా? వస్తుదూరం ముందు వదిలేశారు. 60 వచ్చిందా? రెండింటి ముందూ వదిలేశారు. అంకె సరిపోయింది కదా అని సంతోషపడకండి, ప్రతిబింబం దర్పణం వెనక పడిందని రాసినట్టయింది.

ఈ మూడు వాక్యాలు రాయడానికి నాకు పదేళ్ల పేపర్లు దిద్దిన అనుభవం కావాల్సి వచ్చింది. మీకు ఆ అనుభవం లేదని కంగారు పడొద్దు. మీ ఊరి బడిలో సైన్స్ టీచర్‌ని అడిగి దిద్దిన ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, బడిలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్లు ఒక ఇరవై చూడండి, పేర్లు లేకుండా. తప్పులు ఇరవై రకాలుగా ఉండవు. మూడో నాలుగో ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటికి జవాబు రాస్తే చాలు.

ఒక కాగితంలో ఎన్ని ప్రశ్నలు? నేను ఎనిమిది దాటనివ్వను. రెండు చాలా తేలికవి పెడతాను, సి గ్రేడ్ పిల్లాడు కూడా పెన్ను కదిలించేలా. మొదటి ప్రశ్నే రాకపోతే కాగితం మడిచి జేబులో పెట్టేస్తాడు. తర్వాత ఒక బొమ్మ, పేర్లు లేకుండా, గుర్తించమని. ఒక లెక్క. ఒక "ఎందుకు" ప్రశ్న. చివర్లో పాత పాఠం నుంచి ఒకటి, మర్చిపోకుండా. జవాబు రాసుకోవడానికి ఖాళీ అక్కడే వదలాలి. ఖాళీ లేకపోతే "నోట్‌బుక్‌లో రాస్తా సార్" అంటారు, అది ఎప్పటికీ జరగదు.

రంగులు వద్దనడానికి కారణం

ఇది నా పరువు పోయిన కథ, అయినా చెప్తాను. బయాలజీ మేడమ్ సెలవులో ఉన్నప్పుడు గుండె అంతర్నిర్మాణం కాగితం నేనే చేశాను. ధమనులు ఎరుపు, సిరలు నీలం, కంప్యూటర్ మీద చూడ్డానికి ముచ్చటగా ఉంది. జెరాక్స్ తీశాక రెండూ ఒకే నలుపు. అది చాలదన్నట్టు పుపుస ధమని, పుపుస సిర పేర్లు నేను తారుమారు చేశాను. ధమని అనగానే ఆక్సిజన్ ఉన్న రక్తం అని చెయ్యి దానంతట అదే రాసేసింది. పుపుస ధమనిలో వెళ్లేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం, అది గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్తుంది. పిల్లలు చేసే తప్పే నేనూ చేశాను.

రెండో రోజే మేడమ్ పట్టుకున్నారు. సరిచేసి మళ్లీ పెట్టాను. అప్పటికే పాతది గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత వేరే జిల్లా నుంచి నాకే ఫార్వర్డ్ అయి వచ్చింది, నా పేరు తీసేసి ఇంకెవరిదో వాటర్‌మార్క్ వేసి. తప్పు మాత్రం భద్రంగా అలాగే ఉంది.

అప్పటినుంచి రెండు పద్ధతులు పెట్టుకున్నాను. ఒకటి, ప్రతి కాగితం పైన కుడిమూల తేదీ, వెర్షన్ నంబరు. రెండు, ఫైల్ పంపను, గూగుల్ డ్రైవ్ లింకే పంపుతాను. డ్రైవ్‌లో ఆ ఫైల్ మీద "మేనేజ్ వెర్షన్స్" అనే ఆప్షన్ ఉంటుంది. కొత్త పీడీఎఫ్ అక్కడ ఎక్కిస్తే లింకు మారదు, లోపల ఫైల్ మాత్రం మారుతుంది. పాత లింకు నొక్కినవాళ్లకు కూడా సరిచేసినదే వస్తుంది. లింకు పని చేయని మూల ఊళ్లకు మాత్రం ఫైలే పంపక తప్పదు, అప్పుడు తేదీ పనికొస్తుంది. ఏం పంపినా ఇంకొక టీచర్ చదివాకే పంపండి. ఫిజిక్స్ మీకు ఎంత వచ్చినా సరే.

బొమ్మ పంపాల్సి వస్తే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, నెఫ్రాన్ బొమ్మలో గుర్తులన్నీ అలుక్కుపోతాయి.

టైపింగ్ సంగతి

నా 112 పేజీలు "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలో చేశాను, డీటీపీ షాపు అలవాటు. దాంట్లో "నాభ్యంతరం" అని వెతికితే దొరకదు, కాపీ చేసి పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. మొత్తం మళ్లీ టైప్ చేయాల్సి వచ్చింది. మీరు మొదటినుంచే యూనికోడ్‌లో చేయండి, అందులో తెలుగు ఎక్కడ తెరిచినా తెలుగులాగే ఉంటుంది. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వర్డ్ ఫైల్ పంపొద్దు, ఫోన్‌లో తెరిస్తే ఫాంట్ మారి ఒక పేజీ ఒకటిన్నర పేజీ అవుతుంది. పీడీఎఫ్ చేసి పంపండి.

కెమిస్ట్రీ అయితే ఇంకో జాగ్రత్త. వాట్సాప్ మెసేజ్‌లో ఫార్ములాలు టైప్ చేయకండి. కింద ఉండాల్సిన చిన్న 2 పెద్ద 2 అయిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ రాయబోతే ఫోన్ తనకు తోచినట్టు రెండో అక్షరం చిన్నది చేసేస్తుంది, అది కోబాల్ట్ అయి కూర్చుంటుంది. సమీకరణాలు తుల్యం చేయమని ఇచ్చే కాగితంలో ఇలాంటిది దొర్లితే పిల్లలు అరగంట కొట్టుకుంటారు.

భాష గురించి కూడా. ఇప్పుడు చాలామంది ఇంగ్లీషు మీడియం, పుస్తకం ఇంగ్లీషు, ఆలోచన తెలుగు. నేను ప్రశ్న తేలిక తెలుగులో రాసి, పారిభాషిక పదం రెండు భాషల్లోనూ పక్కపక్కన ఇస్తాను. పుటాకార దర్పణం, కాన్‌కేవ్ మిర్రర్. వృక్కం, కిడ్నీ. ప్రశ్న మొత్తం రెండు భాషల్లో ఇస్తే ఒక కాగితం రెండవుతుంది, కాబట్టి పదాలు మాత్రమే.

ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం?

ఇది చాలామంది వదిలేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర సంస్థ) పుస్తకాలు వచ్చాయి. అంతకుముందు మన పుస్తకంలో ఉన్న ఉష్ణం, పరమాణు నిర్మాణం, మూలకాల వర్గీకరణ, రసాయన బంధం పదో తరగతి నుంచి పోయాయి. తెలంగాణలో వాళ్ల ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర సంస్థ) పుస్తకమే నడుస్తోంది. పరీక్ష కూడా ఒకేలా ఉండదు. ఇక్కడ ఫిజికల్ సైన్స్, బయాలజీ 50 మార్కుల చొప్పున రెండు పేపర్లు, అక్కడ 40 చొప్పున రాతపరీక్ష, మిగతా 20 ఇంటర్నల్.

ఆ ఏడాది నా పాత కాగితాల్లో దాదాపు సగం పక్కన పెట్టేశాను. అయినా గూగుల్‌లో వెతికితే పాత సిలబస్ పీడీఎఫ్‌లే ముందు వస్తున్నాయి. రసాయన బంధం పాఠం కంఠతా పట్టుకుని వచ్చిన పిల్లాణ్ని చూశాను, పాపం. అందుకే పైన రాయండి: ఏ రాష్ట్రం, ఏ విద్యా సంవత్సరం, ఏ పాఠం. "10వ తరగతి సైన్స్" అని మాత్రం రాస్తే చాలదు. మీ ఊరు ఏ రాష్ట్రమో మీరు చెప్పలేదు, ముందు ఆ పుస్తకం తెప్పించుకోండి. మీరు చదువుకున్నప్పటి పుస్తకం గుర్తుపెట్టుకుని మొదలుపెట్టొద్దు.

కాపీరైట్

మీరు సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఉచితంగా దొరికింది కదా అని దాంట్లో పేజీలు, బొమ్మలు కత్తిరించి మన ఫైల్లో పెట్టి పంచే హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టంలో చదువు చెప్పే సందర్భంలో టీచరు, విద్యార్థి వాడుకోవడానికి వెసులుబాటు ఉంది. క్లాసులో జెరాక్స్ ఇవ్వడం వేరు, ప్రపంచానికంతా కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టడం వేరు. ఆ గీత మీద నడవాల్సిన అవసరం మీకేంటి? ఓమ్ నియమం ఎవరి సొత్తూ కాదు. మీ మాటల్లో రాయండి, బొమ్మ మీరే గీయండి. నేను తెల్లకాగితం మీద నల్ల స్కెచ్‌తో గీసి ఫోన్‌తో స్కాన్ చేస్తాను. పిల్లలు పరీక్షలో గీయాల్సింది కూడా అలాంటి బొమ్మే కదా, త్రీడీ రంగుల బొమ్మ కాదు. గైడ్లు మాత్రం అసలు ముట్టుకోకండి, స్కాన్ చేసి పెట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నా సరే.

మీరు చేసినదాని కింద క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒక లైన్ రాయండి: పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోకూడదు. రాస్తే దొంగతనం ఆగుతుందని కాదు. మంచి టీచర్లు ధైర్యంగా తీసుకుని బాగుచేసి మళ్లీ పంచుతారు. నా కాగితాల్లో బాగున్న సగం అలా బాగుపడినవే.

ఇప్పటికే ఉన్నవి మళ్లీ చేయకండి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షాలో (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) వీడియోలు వస్తాయి, 2017 నుంచి ఉంది. ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసి చూసే ప్రయోగాలు) ఉన్నాయి, కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టినవి, ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న మరుసటి ఏడాది. తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి. సర్క్యూట్లు కట్టే సిమ్యులేషన్ ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మా బడిలో ల్యాబ్ కంటే అదే ఎక్కువ పని చేసింది. బల్బులు మూడు శ్రేణిలో పెడితే వెలుగు తగ్గడం, సమాంతరంగా పెడితే తగ్గకపోవడం పిల్లలు తామే చేసి చూస్తారు. మీ కాగితంలో ఒక ప్రశ్న దానికి ముడిపెట్టండి, చాలు.

గ్రూపు పెట్టేముందు ఒక్కసారి ఆగండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అయినా ఎవరూ అడగరు. పిల్లలతో వాట్సాప్ గ్రూపు పెడితే అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. నేను పెట్టిన గ్రూపులో ఎవరో లింకుతో చేరిపోయి ఆడపిల్లల నంబర్లకు రాత్రిపూట మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక తండ్రి నేరుగా బడికి వచ్చి నా ముందు ఫోన్ పెట్టాడు. ఆ రోజే గ్రూపు మూసేశాను. ఆయన కూతురు తర్వాత వారం రోజులు బడికి రాలేదు.

ఇప్పుడు వాట్సాప్ ఛానల్ ఉంది, టెలిగ్రామ్ ఛానల్ ఉంది. అక్కడ చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, మీరు మాత్రమే పోస్ట్ చేయగలరు. అదే వాడండి. గూగుల్ ఫారంలో పేరు, ఊరు, ఫోన్ నంబరు, బడి పేరు అడగకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అసలు మీకు ఆ వివరాలతో పనేముంది? పిల్లలతో విడిగా చాటింగ్ వద్దు. సందేహాలు టీచర్ ద్వారానో తల్లిదండ్రుల ద్వారానో రానివ్వండి.

ఇంకొకటి. పబ్లిక్ పరీక్షలు జరిగే రోజుల్లో ఉదయం పూట ఏదీ పోస్ట్ చేయకండి. పరీక్ష 9.30కి మొదలవుతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో పదో తరగతి ప్రశ్నపత్రాల ఫొటోలు పరీక్ష సమయంలోనే వాట్సాప్‌లో తిరిగాయి, కేసులు, అరెస్టులు అయ్యాయి. మీరు పెట్టిన లెక్కే ఆ రోజు పేపర్లో వస్తే సంజాయిషీ చెప్పుకోవడానికి రోజంతా సరిపోదు. "గెస్ పేపర్", "పక్కా వచ్చే ప్రశ్నలు" లాంటి మాటలు ఎప్పుడూ రాయకండి. చూసేవాళ్లు పెరుగుతారు, నిజమే. మిగతా పాఠాలు వదిలేసి అవే చదివే పిల్లలూ పెరుగుతారు.

యూట్యూబ్ వద్దన్నానని అనుకోకండి, ఇప్పుడే వద్దన్నాను. నేను నలభై దాకా వీడియోలు చేశాను. నిజంగా పనికొచ్చినవి రెండు మూడు నిమిషాల చిన్నవి, ఒక్క కిరణ చిత్రం గీస్తూ చూపించినవి. బొమ్మ ఏ క్రమంలో గీయాలో కాగితం చూపించలేదు, వీడియో చూపిస్తుంది. మిగతావి నా గొంతు నేను వినుకోవడానికి పనికొచ్చాయి.

మొదలుపెట్టడం ఇలా. వచ్చే శనివారం ఒక్క పాఠం తీసుకోండి, మీకు బాగా వచ్చినది కాదు, పిల్లలు భయపడేది. మీ ఊరి టీచర్‌ని అడిగితే విద్యుత్ అనో కాంతి అనో చెప్తారు. ఎనిమిది ప్రశ్నల కాగితం చేసి జెరాక్స్ తీసుకుని ఊరెళ్లండి. ఎవరైనా ఒక పదో తరగతి పిల్ల చేత, ఇంట్లోవాళ్ల ముందు అరుగు మీద కూర్చోబెట్టి రాయించండి. మీరు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, ఇదే కష్టమైన పని. పెన్ను ఎక్కడ ఆగిందో మీ కాపీ మీద గుర్తు పెట్టుకోండి. ఆగిన చోటల్లా తప్పు పిల్లది కాకపోవచ్చు, మీ వాక్యానిది కావచ్చు. నా మొదటి దర్పణాల కాగితంలో "ప్రతిబింబ స్వభావాన్ని తెలుపుము" అన్న చోట ఐదుగురిలో నలుగురి పెన్ను ఆగింది. "ప్రతిబింబం నిటారుగా ఉంటుందా, తలకిందులుగానా? తెర మీద పట్టగలమా?" అని మార్చాను. నలుగురూ రాశారు.

ఆ దర్పణాల కాగితం, దాని జవాబుల కాగితం కావాలంటే చెప్పండి, లింకు ఇక్కడే పెడతాను. మీకు కావాల్సినట్టు మార్చుకోండి. తప్పు కనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా చెప్పండి, ఇప్పటికి ఏడో వెర్షన్ నడుస్తోంది.